చలికాలం వాన పడితే కరువు తీరినట్టేనా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

తుపాను వెళ్లిన మూడోరోజు పేపర్లో జిల్లా వర్షపాతం పట్టిక వస్తుంది. లోటు తీరి ‘సాధారణం’ అయిందని ఉంటుంది. టీ బడ్డీ దగ్గర ఆ పేపరు పైకి చదివేవాడి పక్కనే, ఆగస్టులో నీరు లేక ఉభాలు (వరి నాట్లు) మానేసి ఆకుమడిని పశువులకి వదిలేసిన రైతు కూర్చుని ఉంటాడు. ‘తీరిపోయిందట’ అని ఒకరు, ‘ఎక్కడ తీరింది?’ అని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే. మాది వేగావతి నది ఒడ్డు. ఏటా నవంబరు నుంచి సంక్రాంతి దాకా నడిచే ఈ తగవులో నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి.

చలికాలం వాన అంటే ఏ నెలల వాన?

వాతావరణ శాఖ లెక్కలో శీతాకాలం అంటే జనవరి, ఫిబ్రవరి మాత్రమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్నది వేరే పద్దు, ఈశాన్య రుతుపవనాల కాలం. ఊళ్లో లెక్క వేరు. దీపావళి దాటితే దుప్పటి దించుతాం కాబట్టి అప్పటి నుంచి పడిందంతా మనకి చలికాలం వానే. ఈ తేడా తెలియకపోతే పేపరు చదివినా అర్థం కాదు.

మన రెండు జిల్లాల్లో ఏడాదికి సగటున సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో దాదాపు మూడింట రెండొంతులు జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వచ్చే నైరుతి వాన. అక్టోబరు–డిసెంబరు వాటా ఐదో వంతుకి కొంచెం పైన. జనవరి, ఫిబ్రవరి రెండూ కలిపినా రెండు మూడు శాతమే. మిగతాది వేసవి గాలివానలది. అంటే సర్కారు ‘శీతాకాలం’ అనే రెండు నెలలూ చినుకు పడకపోయినా మన ఏడాది లెక్క కదలదు. పొలం మీద ప్రభావం చూపేది అంతకు ముందు మూడు నెలలు, అందులోనూ అక్టోబరు.

టీవీలో ‘ఈ శీతాకాలం వానలు తక్కువ’ అని చెప్పారు. మనకి కరువు వస్తుందా?

ఆ వార్త మనది కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాల మీద మంచు కురిపిస్తాయి, పంజాబ్, హర్యానాల గోధుమ చేలకి వాననిస్తాయి. జనవరి–మార్చి వర్షపాతం మీద ముందస్తు అంచనాలు ముఖ్యంగా వాళ్ల కోసమే. ఆ అలజడి ఎప్పుడైనా దక్షిణానికి జారి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలితో కలిస్తే మన దగ్గరా ఒకపూట ఉరుములతో వాన పడుతుంది. అంతవరకే.

మరి మనకి చలికాలం వాన ఎక్కడి నుంచి వస్తుంది?

సముద్రం నుంచి. అల్పపీడనం, వాయుగుండం, తుపాను, ఈ మూడింట్లో ఏదో ఒకటి రావాలి. నెల్లూరు, తమిళనాడు తీరానికి ఈశాన్య గాలులే వాన మోసుకొస్తాయి. మనం ఆ గాలి అంచున ఉన్నాం. మన తీరం మీద సుడి తిరిగితేనే వాన, లేకపోతే ఎండు చలి.

అందుకే మన అక్టోబరుకి మధ్యరకం ఉండదు, వస్తే ముంచుతుంది, రాకపోతే ఎండబెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటింది. ఆ ఏడే డిసెంబరు 17న పెథాయ్ అప్పటి తూర్పుగోదావరి తీరంలో దాటింది. గులాబ్ కొంచెం ముందే, 2021 సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గరకి వచ్చింది. వీటిలో ఏదైనా ఒకటి మండలానికి నెల రోజుల వానని ఒకటి రెండు రోజుల్లో పోసి వెళ్లగలదు. పట్టికలో లోటు తీర్చేది ఇదే.

ఖరీఫ్‌లో లోటు ఉండి, తుపానుతో ఆ లోటు పూడితే కరువు తీరినట్టు కాదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు: చాలాసార్లు కాదు. ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే.

ఒక మండలంలో నైరుతి కాలానికి సాధారణం 700 మి.మీ. అనుకోండి. పడింది 500. అంటే 29 శాతం లోటు. అక్టోబరు–డిసెంబరు సాధారణం 250 అనుకోండి. ఒక తుపాను వచ్చి మొత్తం 420 అయింది, 68 శాతం ఎక్కువ. రెండూ కలిపితే 950కి 920. లోటు 3 శాతం. 19 శాతం దాకా లోటుంటే ‘సాధారణం’ కిందే లెక్క కాబట్టి ఆ మండలంలో వాన బాగానే పడ్డట్టు.

ఇప్పుడు అదే మండలంలో ఒక ఎకరం వరి చూడండి. జులైలో ఎదలు (నాట్లు లేకుండా నేరుగా విత్తనం) చల్లితే మొలక సగం మాడింది. మిగిలినవాళ్లకి ఉభాలు ఆగస్టు చివరికి జరిగాయి, కొందరికి జరగలేదు. ముదిరిన నారు నాటితే పిలకలు రావు. అక్టోబరులో తుపాను నీరు వచ్చి చేరేసరికి అక్కడ తాగడానికి పైరు పలచగా ఉంది, ఉన్నచోట పడిపోయింది. జులైలో రాని 100 మి.మీ.కి అక్టోబరులో వచ్చిన 200 మి.మీ. బదులు కాదు. ఆకలేసినప్పుడు అన్నం పెట్టకుండా అర్ధరాత్రి లేపి రెండు విస్తళ్లు వడ్డించినట్టే.

ఒక్క సందర్భంలో మాత్రం తీరుతుంది. ఉభాలు ఎలాగో అయిపోయి, సెప్టెంబరు నెలాఖరు నుంచి వాన మొహం చాటేసినప్పుడు. స్వర్ణ లాంటి దీర్ఘకాలిక రకాలు అప్పుడు చిరుపొట్ట మీద ఉంటాయి. ఆ పదిహేను రోజుల్లో మడి బీటలు వారితే వెన్ను బయటికి రాదు, వచ్చినా తాలు. అక్టోబరు మొదటి పక్షంలో గాలి లేకుండా 40, 50 మి.మీ. వాన పడితే అది పంటనే నిలబెడుతుంది. చెరువు కింద ఆఖరి మడి వాళ్లని అడగండి, దాని విలువ చెబుతారు. స్వాతి వాన కోసం ఎదురుచూసే పెద్దలే విశాఖ కార్తె వానని తిట్టుకునేది ఇందుకే. మధ్యలో తేడా రెండు వారాలే, కానీ ఆ రెండు వారాల్లో పొట్టలో ఉన్న పైరు పాలుపోసుకుని గింజకడుతుంది.

కరువులో రకాలు ఉంటాయా?

మూడు. వాన తక్కువైతే వాతావరణ కరువు. వేళ్ల దగ్గర తేమ లేకపోతే పంట కరువు. చెరువు, నది, బావి తగ్గితే నీటి కరువు. చలికాలం వాన మొదటిదాన్ని కాగితం మీద తీరుస్తుంది, రెండోదాన్ని అపరాల (మినుము, పెసర లాంటి పప్పు పంటల) వరకు తీరుస్తుంది, మూడోదాన్ని వాన ఎలా పడిందన్నదాన్ని బట్టి కొంత.

అపరాల మాట ఏటి? వాటికి చలికాలం వాన మంచిదేనా?

ఇక్కడే ఈ వాన అసలు సంగతి ఉంది. వరి పోయిన ఏడాది ఇల్లు గట్టెక్కించేది మినుము, పెసర.

మన దగ్గర వరి కోతకి రెండు మూడు రోజుల ముందు మడిలో పదును చూసి విత్తనం చల్లేస్తాం. మినుమైతే ఎకరానికి 16 నుంచి 18 కిలోలు. దుక్కి లేదు, తడి లేదు. వరి వదిలిన తేమనే తాగి 75, 80 రోజుల్లో పంట చేతికొస్తుంది. నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు మధ్యలోపు చల్లితే ఫిబ్రవరి నెలాఖరుకి, ఉగాది ఖర్చులకి ముందే, డబ్బు కనిపిస్తుంది.

నైరుతి దెబ్బతిన్న ఏడాది ఈ వరస రెండువిధాలుగా చెడుతుంది. ఒకటి, ఉభాలు ఆలస్యమైతే కోత జనవరికి పోతుంది. అప్పుడు చల్లిన మినుము పూతకొచ్చేసరికి మాఘం ఎండలు. రెండు, మడి ఎప్పుడో ఆరిపోయి నెర్రెలిచ్చి ఉంటుంది, చల్లినా మొలవదు. ఈ రెండో చిక్కుకి మందు నవంబరు వాన. కోతకి వారం పది రోజుల ముందు ఓ మోస్తరు వాన పడి, నీరు నిలవకుండా ఇంకితే పదును దొరుకుతుంది. ఖరీఫ్ కరువు రబీలోకి పాకకుండా ఆపేది ఆ ఒక్క వానే.

అదే వాన చల్లిన మర్నాడు కుండపోతగా పడితే గింజ మురిగిపోతుంది. మావాళ్లు ఒక ఏడాది రెండుసార్లు చల్లి, మూడోసారికి విత్తనం కొనడానికి డబ్బుల్లేక మడిని వదిలేశారు. ఆ నెల మా మండలం పట్టికలో ‘అధిక వర్షపాతం’ అని ఉంది.

చల్లిన నెల తర్వాత, పూత ముందు, ఒక 20 మి.మీ. పడితే బంగారం. పూత మీద ముసురు పట్టి మూడు రోజులు మబ్బు వదలకపోతే మారుకా పురుగు పూతనీ పిందెనీ గూడు కట్టేస్తుంది. కాయ ముదిరాక ఫిబ్రవరిలో తడిస్తే గింజ కాయలోనే మొలకెత్తుతుంది. వాన అసలే రాకుండా పైరు వాడుతుంటే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా, లేదా 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తారు. అది తేమ తీసుకురాదు, మొక్కకి కొన్నాళ్లు ఊపిరి పోస్తుంది.

గరువు (మెట్ట) భూములకి ఉలవ. ఖరీఫ్‌లో ఏదీ నిలవని చోట కూడా అక్టోబరు వాన ఒకటి పట్టుకుని ఉలవ చల్లితే గింజో, కనీసం పశువుల మేతో వస్తుంది. జనవరిలో మంచి వాన తగిలితే నువ్వు చల్లుకునేవాళ్లూ ఉన్నారు.

ఎంత పడితే పనికొచ్చే వాన?

1 మి.మీ. వాన ఎకరం మీద పడితే దాదాపు 4,000 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములు ఇరవై. వినడానికి ఎక్కువే. కానీ చలికాలంలో కూడా ఎండకీ గాలికీ రోజుకి మూడు నాలుగు మి.మీ. ఆవిరైపోతుంది. కాబట్టి 5 మి.మీ. జల్లు పైమట్టిని తడిపి రెండో రోజుకి మాయమవుతుంది. పైగా ఎర్ర నేలల్లో పైన చిట్టు కట్టి కింద ఉన్న మొలకని అడ్డుకుంటుంది.

25 మి.మీ. పడితే మన గరప (ఇసుక కలిసిన) నేలల్లో జానెడు లోతు దాకా తడి దిగుతుంది. బంక నేలలో అంత లోతు దిగదు, కానీ పట్టిన తేమ ఎక్కువ రోజులు ఉంటుంది. పరీక్ష తేలిక. వాన వెలిసిన మర్నాడు పారతో జానెడు గొయ్యి తీసి అడుగు మట్టి పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టి, వేలితో పొడిస్తే విడిపోతే పదును ఉన్నట్టు. ముద్దే కట్టకపోతే ఆ వాన పేపరుకే పడింది.

మంచుకి పంట పండుతుందంటారు, నిజమా?

కొంత. రాత్రి కురిసే మంచు మహా అయితే మి.మీ.లో పదో వంతో, మూడో వంతో ఉంటుంది. దాంతో నేల తడవదు. కాకపోతే తెల్లారి ఎనిమిది, తొమ్మిది దాకా ఆకు తడిగా ఉండటం వల్ల మొక్క నీళ్లు ఖర్చుపెట్టదు, వేళ్ల దగ్గరి తేమ అంతసేపు మిగులుతుంది. మినుము మంచుకే పండుతుందనే మాటలో ఉన్న నిజం ఇదే. మంచు మరీ దట్టమైతే బూడిద తెగులు కూడా దాని వెంటే వస్తుంది.

చెరువులు, బావులు నిండుతాయా?

అక్టోబరులో నిండగలవు. నేల అప్పటికే నైరుతి వానకి నాని ఉంటే, పడిన నీరు గెడ్డల్లోకి (వాగుల్లోకి) పారి చెరువుకి చేరుతుంది. నేల ఎండి ఉంటే మొదటి వాన మొత్తం అదే తాగేస్తుంది. అందుకే నైరుతి కరువు తర్వాత వచ్చే ఒక మోస్తరు వానకి చెరువులోకి చుక్క రాదు, ‘ఇంత వాన పడితే నీరేదీ’ అని జనం ఆశ్చర్యపోతారు.

మన కింద ఉన్నది తూర్పు కనుమల గట్టి రాయి. పైన శిథిలమైన పొరలోనే నీరు నిలుస్తుంది, అది లోతు తక్కువ కొట్టు లాంటిది. నవంబరులో ఊట పైకొచ్చి ఉంటుంది, అక్కడి నుంచి మే దాకా దిగుడే. జనవరి జల్లు ఆ దిగుడుని ఆపదు. ఇంకోరకంగా సాయం చేస్తుంది. వాన పడ్డ వారం పది రోజులు మొక్కజొన్నకీ, చెరకుకీ మోటార్లు వెయ్యరు. ఆ ఆదా ఏప్రిల్‌లో తాగునీటి బోరుకి పనికొస్తుంది.

చెరువు పూడిపోయి, గట్టుకి గండి ఉండి, పైన కాలువని ఎవరో దున్నేసి ఉంటే ఏ వాన పడినా ఒకటే. ఊరి బంద (చెరువు) చుట్టూ ఒకసారి నడిచి చూస్తే వర్షపాతం పట్టిక కన్నా ఎక్కువ తెలుస్తుంది.

గొట్టా, తోటపల్లి కాలువల కిందవాళ్లకి?

వాళ్ల సంగతి ఒడిశాలో తేలుతుంది. గొట్టా ఉన్న వంశధార, తోటపల్లి ఉన్న నాగావళి రెండూ కలహండి కొండల్లో పుట్టి రాయగడ మీదుగా వస్తాయి. అక్కడి నైరుతి వానే వీటికి ఆధారం. శ్రీకాకుళంలో డిసెంబరులో కుంభవృష్టి పడినా గొట్టాకి పైనుంచి నీరు రాదు, ఆ నీరు కిందికే కదా పారేది. గొట్టా బ్యారేజీ నీటిని మళ్లిస్తుంది తప్ప దాచుకోలేదు. అందుకే హిరమండలం దగ్గర 19 టీఎంసీల జలాశయం కట్టారు. అది వానాకాలంలో నింపుకుంటేనే చలికాలంలో ఉంటుంది. గోస్తని మీద తాటిపూడి నిండిందా లేదా అన్నది విజయనగరం రైతులతోపాటు విశాఖ నగరం కూడా చూసుకుంటుంది, ఆ నీరు అక్కడికీ వెళుతుంది మరి.

డిసెంబరు వానని రైతులు ఎందుకు శాపనార్థాలు పెడతారు?

పనలు (కోసి పరిచిన వరి) మడిలో ఉంటాయి, కుప్పలు కళ్ళంలో ఉంటాయి. మావైపు కుప్పలు పెట్టి సంక్రాంతి దాటాక నూర్చుకునే అలవాటు ఇంకా ఉంది. పన మీద వాన పడి రెండు రోజులు నీట నానితే ధాన్యం మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. లీటరుకి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే మొలక ఆగుతుంది. ఎప్పటి నుంచో చెబుతున్న సలహా, పనిచేస్తుంది, కానీ వానలో ఎకరాల కొద్దీ పనలు తిరగేసి ఉప్పునీళ్లు చల్లడానికి మనుషులు దొరకాలి.

అందరూ మర్చిపోయేది గడ్డి. తడిసి నల్లబడిన గడ్డిని పశువు ముట్టదు. నైరుతి కరువుకి పంట సగమై గడ్డీ సగమైన ఏడాది, ఆ సగం కూడా డిసెంబరు వానకి కుళ్లితే మార్చిలో ఎడ్లని సంతకి తోలాల్సి వస్తుంది. వాన వల్ల వచ్చిన మేత కరువు అది, ఏ పట్టికలోనూ దానికి గడి లేదు.

బీమా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఫసల్ బీమా నిబంధనల్లో, కోసి ఆరబెట్టిన పంటకి 14 రోజుల దాకా తుపాను, అకాల వర్షం నష్టం వర్తిస్తుంది. 72 గంటల్లోగా తెలియజేయాలి. ముందు ఫోటోలు తీసి, తర్వాత పనలు తిరగేయండి.

జీడి, మామిడి తోటలకి?

వాన వద్దు. నవంబరు, డిసెంబరు నెలల్లో కొంచెం ఎండు చలి తగిలితేనే మామిడి పూతకి వస్తుంది. అప్పుడు వాన పడితే పూతకి బదులు ఆకు చిగురేస్తుంది. జనవరిలో పూత మీద పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. ఉద్దానం, పలాస జీడితోటల్లో మబ్బు పట్టిందంటే టీ దోమ భయం. ఒకే ఇంట్లో మడిలో మినుముకి వాన కోరుకుని, తోటలో జీడికి వద్దనుకునే రైతులు బోలెడుమంది.

జనవరిలో 60 శాతం లోటు అని వేశారు. కంగారు పడాలా?

అక్కర్లేదు. సాధారణమే 10 మి.మీ. అయిన చోట 4 పడితే 60 శాతం లోటు. తగ్గింది 6 మి.మీ. అదే జులైలో 20 శాతం లోటంటే 30 మి.మీ. పైమాటే. చిన్న సాధారణం మీద కట్టిన శాతాలు ఎప్పుడూ గట్టిగా అరుస్తాయి. మి.మీ.లు చూడండి.

అక్టోబరు వాన వల్ల కరువు మండలం ప్రకటన ఆగిపోతుందా?

ఆగకూడదు, కానీ ఆగే వీలుంది. 2016 కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం మొదట చూసేది వాన లోటు, ఎండు విరామం. వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారమూ సాధారణంలో సగం కూడా పడకపోతే అది ఎండు విరామం. ఆ తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేల తేమ, జలాశయాలు, భూగర్భ జలాలు. చివరికి పదిశాతం ఊళ్లలో పొలాలకి వెళ్లి చూడాలి. నష్టం 33 శాతం దాటితేనే సాయం మాట. ఖరీఫ్ కరువు ప్రకటనకి అక్టోబరు 30, రబీకి మార్చి 31 గడువు.

చిక్కంతా గడువుకి ముందు పడే తుపానుతోనే. అక్టోబరు రెండో వారంలో తడిసిన ఊరు ఉపగ్రహానికి పచ్చగా కనిపిస్తుంది, మడిలో ఉన్నది వరో గడ్డో దానికి పట్టదు. అందుకే ఎండు విరామం తేదీలు, ఉభాలు కాని సర్వే నంబర్లు సెప్టెంబరులోనే రైతు సేవా కేంద్రంలో రాయించాలి. ఈ-పంటలో (సర్కారు పంట నమోదులో) ‘సాగు’ అని పడిపోయాక తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా తిప్పడం కష్టం.

ఎల్ నినో వస్తే చలికాలం వాన పెరుగుతుందట?

తమిళనాడు వైపు ఆ మొగ్గు ఉంది. నైరుతిని మాత్రం ఎల్ నినో చాలాసార్లు దెబ్బతీస్తుంది. 2023లో అదే నడిచింది, ఆ ఆగస్టు దేశం మొత్తానికి 1901 నుంచి ఉన్న లెక్కల్లో అతి తక్కువ వాన పడ్డ ఆగస్టు. మన ఉత్తర కోస్తాలో అక్టోబరు వాన ఏదో ఒక సుడి ఏ తీరానికి వంగిందన్నదాని మీద ఆధారపడుతుంది కాబట్టి, ఎల్ నినో పేరు విని అపరాల విత్తనం కొనడమో మానడమో చెయ్యకండి.

మా ఊరి వాన మేమే కొలుచుకోవచ్చా?

తప్పక. మండల కేంద్రంలో పడిన వాన మీ గరువు మీద పడాలని లేదు. అడుగు నుంచి మూతి దాకా గోడలు నిటారుగా ఉన్న డబ్బా తీసుకోండి. పైకి వెడల్పయ్యే బకెట్ వద్దు, లెక్క తప్పుతుంది. చెట్టుకీ చూరుకీ దూరంగా ఆరుబయట, పడిపోకుండా నాలుగు రాళ్లు పేర్చి పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి, వాతావరణ శాఖ వాళ్లూ అప్పుడే చూస్తారు, స్కేలు నిలువుగా ముంచి ఎన్ని మి.మీ.లు తడిసిందో చూసి పారబోయండి. స్కేలు మీద సున్నా అంచునే మొదలవ్వాలి, లేకపోతే ఆ ముక్క కోసెయ్యండి. పిల్లల పాత నోటుపుస్తకంలో తేదీ, అంకె, పక్కన పొలంలో ఏం జరుగుతోందో ఒక ముక్క: ‘ఉభాలు కాలేదు’, ‘మినుము చల్లాం’, ‘పనలు తడిశాయి’. వాన పడని రోజు కూడా సున్నా రాయండి, సర్వేకి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఆ సున్నాలనే.